పనికిరాని వస్తువులు - పిల్లల చదువు
(మన గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



నాకు ముందు మాటలాడిన పెద్దలు గ్రంథాలయోద్యమ చరిత్రను చక్కగా సెలవిచ్చినారు. 1914లో బెజవాడయందు జరిగిన గ్రంథాలయ మహాసభ మొదలుకొని, 1935లో కొల్లూరు, పెదవడ్లపూడి గ్రామముల నడుమ కాలువపై నడచిన పుస్తకాల పడవ వరకు అంతయు వారు చెప్పిన పిమ్మట, నాకు చెప్పుటకు మిగిలినది మన గ్రంథాలయము వెనుకనున్న చిన్నగది యొక్కటే. ఆ గదిలో ఒక్క గ్రంథమైనను లేదు. అయినను నేనీ దినము దానిని గూర్చియే మాటలాడదలచితిని.

ఆ గదిని ఎరుగనివారు మనలో లేరు. ఇంట వాడుకకు పనికిరానిది, పారవేయుటకు మనసొప్పనిది ఏదియున్నను "గ్రంథాలయములో పెట్టుడు, ఎవరికైన పనికివచ్చును" అని తెచ్చి అందు చేర్చుట ఈ ఇరువదియైదేండ్లలో మన యూరి యాచారమైనది. రేడియోలు రెండు, టేపు రికార్డర్లు మూడు, తొక్కుడుపలక విరిగిన కుట్టుమిషను ఒకటి, చక్రము వంకరపోయిన సైకిలు, రెక్కలు లేని టేబులు ఫ్యాను, ముండ్లు రాలిన గోడగడియారము, అద్దములు లేని కళ్లజోళ్లు, కళ్లజోళ్లు లేని అద్దములు, ఒక డబ్బాలో చెవులు లేని తాళములు, ఇంకొక డబ్బాలో తాళములు లేని చెవులు. ఈ రెండు డబ్బాలను ఇచ్చినవారు వేరువేరు దాతలు. వారి దాతృత్వమునకు నమస్కారము.

రజతోత్సవ సందర్భమున ఈ గదిని ఖాళీచేసి, సామానును పాతయినుము కొనువానికి తూకమునకిచ్చి, ఆ సొమ్ముతో పఠనమందిరమునకు సున్నము వేయింపవలెనని కార్యవర్గములో ఒక ప్రతిపాదన యున్నది. సున్నము వేయించుట మంచి పనియే. కొనువాడు చెప్పిన వెల మన దినపత్రికల మూడు మాసముల చందాకు సరిపోవును. నేను ఈ గ్రామ సహకారసంఘమున జమాఖర్చులు వ్రాసి జీవించువాడను. రూపాయి విలువ నాకు తెలియును. తెలిసియే, ఆ సామానును అమ్మవద్దని మనవిచేయుచున్నాను.

కారణము కూడ జమాఖర్చుల భాషలోనే చెప్పెదను. ప్రతి సంస్థకును స్థిరవస్తువుల జాబితా యొకటి యుండును. దానిని మేము డెడ్‌స్టాకు రిజిస్టరు అందుము. కొన్న వస్తువును కొన్న వెలతో అందు ఎక్కింతుము. ఏటేట తరుగుదల కొట్టుదుము. కొట్టగా కొట్టగా దాని విలువ సున్నకు దిగును, లేదా పేరునకొక రూపాయి నిలుచును. అప్పటివరకు ఆ వస్తువు పోయినను, పగిలినను ఎవడో ఒకడు సమాధానము చెప్పుకొనవలెను.

నాకు తెలిసిన యొక పాఠశాలయందు విజ్ఞానశాస్త్ర పరికరముల పెట్టె యున్నది. గాజు గొట్టములు, అయస్కాంతములు, కటకములు అన్నియు కొత్తవి. ఆ పెట్టె బీరువాలో నున్నది. బీరువాకు తాళమున్నది. ఏడాదికొకమారు తనిఖీకి తీసి, లెక్కపెట్టి, తుడిచి, మరల పెట్టుదురు. ఇందు ఉపాధ్యాయుని తప్పు పట్టుటకు వీలులేదు. గాజు పలక పగిలినచో దాని వెల ఆయన పేర వ్రాయుదురు. విలువగల వస్తువుకు కావలి యుండును. కావలి యున్నచోట పిల్లవాడు చేయి చాపడు.

ఇపుడు మన వెనుకగదిని చూడుడు. అందలి రేడియోను పిల్లవాడు విప్పినాడు. ఏమగును? పాడగునా? అది పాడైయే వచ్చినది. పాడైనదానిని పాడుచేయుట ఎవరికిని సాధ్యము కాదు. దండన భయము లేకుండ ఒక యంత్రమును విప్పి, లోపలనేమున్నదో కన్నులార చూచుటకు పేదవాని బిడ్డకు ఈ లోకమున మరియొక చోటు లేదు. పుస్తకములో దాని విలువ సున్నయైన దినముననే అది వానిదగును. నా వాదమంతయు ఇదియే. తక్కినవి దీనికి ఉదాహరణములు.

మన పిల్లలకు ఈ విద్య కొత్తది కాదు. వేసవిలో ముంజెలు తిన్న తరువాత ఆ కాయలను ఏమిచేయుదురో మీరెరుగుదురు. రెండు కాయలకు నడుమ పుల్ల గుచ్చి, పంగలకర్ర దానికి తగిలించి, వీధులవెంట తోలుకొనిపోవుదురు. ఆ బండిని చేయు పిల్లవానిని పరికించి చూడుడు. పుల్లను కాయ మధ్యమున గుచ్చనిచో బండి కుంటును. అడుగడుగునకు ఎగిరి పడును. వాడు పుల్ల లాగి, మరల కొంచెము జరిపి గుచ్చును. వృత్తకేంద్రమనగా నేమో నల్లబల్లమీద చూచుటకు మూడేండ్లు ముందే వాని చేతికి అది తెలిసినది. ఇరుసు బిగువుగా నున్న చక్రము తిరుగదు, వదులుగా నున్న ఊడును అను సంగతియు ఆ చేతికే తెలిసినది. మనము తిని పారవేసిన తొక్క ఇంత పాఠము చెప్పినది.

బండి యనగానే నాకు శూద్రకుని మృచ్ఛకటికము గుర్తునకు వచ్చును. ఈ గ్రంథాలయము పుణ్యమున నేను చదివిన రూపకములలో నాకు మిక్కిలి ప్రియమైనది అది. పదియంకముల యా రూపకమునకు పేరు పెట్టినది రాజును బట్టి కాదు, నాయికను బట్టి కాదు, ఒక మట్టిబండిని బట్టి. ఆరవ యంకమున చారుదత్తుని కుమారుడు రోహసేనుడు పొరుగింటి పిల్లవాని బంగారుబండి కావలెనని ఏడ్చును. దాసి రదనిక మట్టితో బండి చేసి యిచ్చినను వాడు ఊరడిల్లడు. వసంతసేన తన నగలు తీసి, బంగారుబండి చేయించుకొమ్మని ఆ మట్టిబండిలో పోయును. పండితులు ఈ ఘట్టమున వసంతసేన యౌదార్యమును కొనియాడుదురు. కొనియాడదగినదే. కాని నాకు మాత్రము ప్రతిమారు రదనిక మీదికే మనసు పోవును. ఆ యింట బండి చేయనేర్చినది ఆమె యొక్కతెయే. ఆమె బండి చేసి యిచ్చుటకు మారుగా ఆ మట్టిముద్దనే పిల్లవాని ముందుంచి, "చక్రము నీవు చేయుము, ఇరుసు నేను చేసెదను" అనియుండిన వాడు ఏడ్పు మానియుండెడివాడని నా యూహ. అట్లయిన నాటకము నడువదనుకొనుడు. అది వేరుమాట.

ఇక మన కాలమునకు వచ్చెదను. ఆఫ్రికా ఖండమున మలావీ యను దేశమున్నది. అచ్చట విలియం కమ్‌క్వాంబా యను రైతుబిడ్డ 1987లో జన్మించినాడు. ఆ తండ్రి మొక్కజొన్నయు పొగాకును పండించువాడు. 2001, 2002 సంవత్సరములలో ఆ దేశమును క్షామము పీడించినది. ఫీజు కట్టలేక ఆ బాలుడు ఉన్నత పాఠశాల చదువు మానవలసివచ్చినది. అంతట వాడేమి చేసినాడు? ఊరి ప్రాథమిక పాఠశాలలో నున్న చిన్న గ్రంథాలయమునకు పోవనారంభించినాడు. అవి ఇతరులు దానమిచ్చిన పుస్తకములు. మన గ్రంథాలయము కంటె అది పెద్దదని నేననుకొనను. అందు శక్తిని గూర్చిన ఆంగ్ల పాఠ్యపుస్తక మొకటి వానికి దొరకినది. దాని యట్టమీద గాలిమరల బొమ్మ. వానికి ఆంగ్లము అంతంతమాత్రము. పటములు చూచి, పటము క్రింది మాటలను కూడబలుకుకొని, సంగతి గ్రహించినాడు.

తరువాత వాడు పోయినది ఎక్కడికో వినుడు. తాను మానిన పాఠశాల ఎదుటనున్న పాతయినుము పడియుండు బీటికి. అచ్చట ట్రాక్టరు ఫ్యాను దొరకినది. పాడైన వాహనపు షాక్ అబ్సార్బరు దొరకినది. దానినే గాలిమరకు ఇరుసు చేసినాడు. తండ్రిగారి విరిగిన సైకిలు చట్రమును, చక్రమును తీసికొన్నాడు. ప్లాస్టిక్ గొట్టమును చీల్చి, నిప్పుమీద వెచ్చచేసి, చదును చేసి రెక్కలు చేసినాడు. తొలిచే యంత్రము లేదు గనుక మేకును కాల్చి రంధ్రములు పెట్టినాడు. సీసా మూతలను చదునుచేసి వాషర్లుగా వేసినాడు. సైకిలు డైనమోను మాత్రము మిత్రుడు డబ్బిచ్చి కొనిపెట్టినాడు. యూకలిప్టస్ దుంగలతో కట్టిన గోపురముమీద దానిని నిలిపినాడు. ఊరివారు పిచ్చివాడనిరి. గాలి వీచినది, రెక్కలు తిరిగినవి, వాని చేతిలోని చిన్నదీపము వెలిగినది. అప్పటికి వానికి పదునైదేండ్లైన నిండలేదని చెప్పుదురు. 2009లో వాని కథ గ్రంథముగా వెలువడినది. వాడు అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో చదివి 2014లో పట్టము పొందినాడు.

ఈ కథను ఇప్పుడు పలువురు చెప్పుచున్నారు. చెప్పునపుడు గ్రంథాలయమును మెచ్చుకొని బీటిని మరచువారు కొందరు, బీటిని మెచ్చుకొని గ్రంథాలయమును మరచువారు కొందరు. పుస్తకము లేనిచో ఆ ట్రాక్టరు ఫ్యాను తుప్పుపట్టి మట్టిలో కలసియుండెడిది. ఫ్యాను లేనిచో ఆ పుస్తకము బొమ్మల పుస్తకమై యుండెడిది. మనకు ఈ రెండును ఒకే కప్పు క్రింద, నడుమ ఒక్క గోడతో నున్నవి. ఆ గోడకు తలుపు కూడ నున్నది.

మలావీ దూరమనువారికి మన దేశములోని సంగతి చెప్పెదను. 1972లో మధ్యప్రదేశములోని హోషంగాబాదు జిల్లాయందు పదునారు గ్రామ పాఠశాలలలో, పిల్లలు తామే ప్రయోగములు చేసి విజ్ఞానశాస్త్రమును నేర్చుకొను పద్ధతి ప్రారంభమైనది. క్రమముగా అది విస్తరించినది. 1982 నుండి ఏకలవ్య యను సంస్థ దానిని నడపినది. 2002లో ప్రభుత్వము దానిని నిలిపివేసినది. అదియొక విచారకరమైన విషయము. ఆ పనిలో 1978లో చేరినవారిలో అరవింద్ గుప్తాగారొకరు. ఆయన కాన్పూరు ఐ.ఐ.టి.లో ఇంజనీరింగు చదివి, లారీలు చేయు పెద్ద కర్మాగారములో ఉద్యోగము చేయుచుండినవారు. ఆయన సంతబజారులో దొరకు వస్తువులతో పాఠములు చెప్పవచ్చునని కనుగొన్నారు. అగ్గిపుల్లలు, సైకిలు వాల్వు ట్యూబు. ఇంతే సామగ్రి. 2018లో ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ నిచ్చినది.

ఆ పాఠమును మీరు ఈ రాత్రియే ఇంట చేసి చూడవచ్చును. అగ్గిపుల్లల తలమందు గీకివేయుడు. వాల్వు ట్యూబును చిన్నచిన్న ముక్కలుగా కోసి, ముక్కకు రెండువైపుల రెండు పుల్లలు దూర్చుడు. అట్లు నాలుగు పుల్లలు కలిపిన చతురస్రమగును. దానిని వ్రేలితో నొక్కుడు. అది ప్రక్కకు ఒరిగిపోవును. మూడు పుల్లలు కలిపిన త్రిభుజమగును. దానిని ఎంత నొక్కినను ఆకారము మారదు. పుల్ల విరుగవలసినదే కాని త్రిభుజము వంగదు. ఇప్పుడు పిల్లవానిని బయటకు తీసికొనివచ్చి మన పెంకుటింటి దూలములను చూపుడు, పొలములలో నిలిచిన పెద్దకరెంటు గోపురములను చూపుడు. అంతట త్రిభుజములే కనిపించును. అవి పుట్టినది మొదలు వాడు చూచుచున్నవే. అంతకుముందు కనిపించలేదు.

ఇక మన యూరి సంగతి. పేరు చెప్పను. వానికి సిగ్గు. తొమ్మిదవ తరగతి చదువుచున్నాడు. పోయిన వేసవిలో గ్రంథపాలకుల యనుమతితో వెనుకగదిలో చేరి, ఒక టేపు రికార్డరును విప్పినాడు. అందలి చిన్నమోటారును ఊడదీసినాడు. పండుగకు వ్రేలాడదీసి, పాడై పారవేసిన తోరణదీపములనుండి ఒక ఎల్.ఇ.డి.ని కత్తిరించి తెచ్చి, మోటారు తీగలు రెండింటికి చుట్టినాడు. మోటారు కప్పీకి దారము చుట్టి, బొంగరమును తిప్పినట్లు బలముగా లాగినాడు. దీపము తళుక్కుమన్నది. కరెంటు పెట్టిన తిరుగునది మోటారనుకొంటిమి. తిప్పిన కరెంటు నిచ్చునదియు అదియే. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న సూత్రము మన వెనుకగదిలో గోనెసంచిమీద కూర్చున్న పిల్లవాని చేతిలో మెరసినది. ఆ ఫారడేయును కమ్మరివాని కుమారుడే. పదునాలుగవ యేట పుస్తకములకు అట్టలు కట్టు దుకాణములో పనికి కుదిరి, కట్టవచ్చిన పుస్తకములను చదివి విద్యావంతుడైనవాడు. 1812లో ఏడు రాగి నాణెములు, తానే కత్తిరించిన ఏడు తుత్తునాగపు బిళ్లలు, ఉప్పునీటిలో తడిపిన కాగితపు ముక్కలు ఒకదానిమీద నొకటి పేర్చి విద్యుత్తు పుట్టించినాడు.

మన బాలుని కథ దీపముతో ఆగలేదు. దారమును ఎదురుదిక్కునకు చుట్టి లాగినపుడు దీపము వెలుగలేదు. మరల మొదటిదిక్కునకు లాగిన వెలిగినది. ఒక దిక్కున వెలిగి రెండవ దిక్కున వెలుగకుండుటకు కారణమేమి? నన్ను అడిగినాడు. నేను కావ్యములు చదివినవాడను, నాకేమి తెలియును? గ్రంథపాలకులు బీరువా వెదకి ఒక భౌతికశాస్త్ర గ్రంథము తీసి యిచ్చినారు. ఆ దీపము విద్యుత్తును ఒక దిక్కుననే పోనిచ్చునని, తిప్పుదిక్కు మారిన మోటారునుండి వచ్చు విద్యుత్తు దిక్కును మారునని వాడు అందు చదివి వచ్చి నాకు చెప్పినాడు. మన పుస్తకముల రిజిస్టరు చూచితిని. ఆరేండ్లలో ఆ గ్రంథమును ఇంటికి కొనిపోయినవాడు వాడొక్కడే. మలావీ బాలుడు పుస్తకమునుండి ఇనుము దగ్గరకు పోయినాడు. వీడు ఇనుమునుండి పుస్తకము దగ్గరకు వచ్చినాడు.

వీని తండ్రి నాయొద్దకు వచ్చి కోపపడినారు. "పరీక్షలు దగ్గర పడుచుండగా నా కొడుకును చెత్త ఏరుకొనువానిని చేయుచున్నారా?" అన్నారు. ఆయన కూలికి పోయి కొడుకును చదివించుచున్నవారు. ఆ కోపమును నేను తప్పుపట్టను. ఈ చేతిపనివలన పిల్లవానికి మార్కులు పెరిగినవని ఆయనకు చెప్పగలిగియుండిన సుఖముగా నుండెడిది. పెరుగలేదు. గణితమున వాడు ఇంకను వెనుకబడియే యున్నాడు. కాని ఆయన మాటలో నన్ను బాధించినది పరీక్ష కాదు, "చెత్త ఏరుకొనువాడు" అను మాట. చేతికి మురికియైన చదువు తక్కువదని, తెల్లకాగితముమీద వ్రాసినదే చదువని ఆయనకు నేర్పినది ఆయన కాదు. కలము పట్టిన మావంటివారము తరతరములుగా నేర్పినాము. కమ్మరికొలిమి వద్ద, వడ్రంగి దూగోడా వద్ద గంటలకొలది నిలిచి చూచిన పిల్లలకు మనము విద్యార్థులని పేరుపెట్టలేదు, తిరుగుబోతులంటిమి. ఇప్పుడు కొలిమి లేదు. ఇంటనున్న సెల్‌ఫోనుకు మరలు కూడ కానరావు, అంతయు బంక పెట్టి అతికినదే. విప్పుటకు వీలైన వస్తువులు పాతవే మిగిలినవి. అవియు తూకమునకు పోవుచున్నవి.

ఆడపిల్లల మాట కూడ చెప్పవలెను. వెనుకగదికి ఇంతవరకు వచ్చినవారందరును మగపిల్లలే. ఆ కుట్టుమిషనును ముందుగా విప్పుహక్కు ఆడపిల్లలకీయవలెనని నా కోరిక. కుట్టుట నేర్పుటకు కాదు. పైదారమును క్రిందిదారమును ఆ సూది ఎట్లు ముడివేయుచున్నదో చూచుటకు. మన యిండ్లలో నలుబదియేండ్లు కుట్టినవారికి కూడ ఆ రహస్యము తెలియదు.

అపాయముల సంగతి దాచను. అన్ని పాతవస్తువులును పిల్లల చేతికి తగినవి కావు. పురుగుమందు డబ్బా ఎన్నిమార్లు కడిగినను ఆ గదిలోనికి రాగూడదు. పాత టెలివిజను పెట్టెలలోని గాజుగొట్టము కరెంటు తీసిన తరువాతను షాకు కొట్టగలదు, పగిలిన ప్రేలును. ట్యూబులైట్లలో పాదరసమున్నది. వాహనముల బ్యాటరీలలో సీసమును ఆమ్లమును ఉన్నవి. ఉబ్బిన సెల్‌ఫోను బ్యాటరీ గ్రుచ్చుకొన్న నిప్పంటుకొనును. వీనిని పుచ్చుకొనరాదు, వచ్చినను తిప్పి పంపవలెను. విప్పిన యే వస్తువును గోడప్లగ్గులో పెట్టరాదు. దీపమైన, మోటారైన చిన్నసెల్లులతోనే నడపవలెను. పిల్లలున్నంతసేపు పెద్దవాడొకడు అచ్చట కూర్చుండవలెను. కూర్చుండవలెను గాని చేయిపెట్టరాదు. ఇది పెద్దలకు కష్టమైన నియమము. మర తిరుగకున్న మనచేయి ఊరకుండదు.

కార్యవర్గమువారికి నా మనవి యిది. టెలివిజను పెట్టె యొకటి, బ్యాటరీలు రెండు ఆ గదిలో నున్నవి. వానిని వెంటనే తీసివేయుడు. పనికిరాని ఇనుపరేకులను అమ్ముకొనుడు. తక్కినవానిని ఉంచుడు. సున్నమునకు తక్కువపడు సొమ్మును నా వంతుగా కొంత యిచ్చెదను. మిగిలినది చందాగా పోగుచేయుటకు నేనే యింటింటికి వచ్చెదను. ఒక మేజాబల్ల, మరలు తీయు సాధనములు రెండు మూడు, పట్టుకారు ఒకటి కావలెను. మన సైకిలుషాపువారు వాడినవి ఇచ్చుటకు ఒప్పుకొన్నారు. ఆదివారము ఉదయము ఎనిమిది గంటలనుండి పదునొకండు వరకు నేను అచ్చట కూర్చుండెదను. నాకు యంత్రములు తెలియవు గనుక చేయిపెట్టుదునను భయము లేదు.

ఆ గది సామానుకు నేనొక జాబితా వ్రాసినాను. వెల యను గడిలో అన్నిటికిని సున్నయే యున్నది. దాని ప్రక్కన మరియొక గడి గీసి ఖాళీగా నుంచినాను. ఏ వస్తువును ఏ పిల్లవాడు విప్పినాడో, దానిని బట్టి ఏ పుస్తకము అడిగినాడో అందు వ్రాయవలెను. మొదటి పద్దు టేపు రికార్డరు. అది నింపియున్నాను. తరువాతి పద్దు గోడగడియారము. మీ యిండ్లలో పిల్లలున్నవారు పంపుడు.